వుజూ చెంబు బరువైన వేళ

క్యాన్సర్ నయమైందని వైద్యుడు చెప్పిన రోజున ఇల్లంతా అల్లాహ్‌కు కృతజ్ఞతలు చెల్లించుకుంటుంది. బంధువులకు ఫోన్లు వెళతాయి. శక్తి కొద్దీ సదఖా ఇస్తారు. ఆసుపత్రి ఫైలు బీరువాలోకి చేరుతుంది. ఆ మరునాడు ఫజ్ర్ అజాన్ విని మంచం మీద నుంచి లేవబోయిన మనిషి సంగతి మాత్రం ఎవరూ అడగరు. అరవై ఐదేళ్ళ వయసులోనో, డెబ్బై దాటాకో ఆ కత్తికోతను, ఆ మందులను, ఆ రేడియేషన్‌ను భరించి బతికి బయటపడిన పెద్దావిడ కుళాయి కింది చెంబును కుడిచేత్తో ఎత్తలేకపోతున్నది. మిస్వాక్ పట్టడానికి పెద్దాయన నోరు రెండు వేళ్ళ మందం కూడా తెరుచుకోవడం లేదు. జబ్బు పోయింది. జబ్బుతో పాటు రోజువారీ పనులు చేసుకునే శక్తి కూడా కొంత పోయింది. పోయినది తిరిగి వస్తుందా, రాదా అనే ప్రశ్న మన ఇళ్ళలో అసలు పుట్టడమే లేదు. "ముసలితనం కదా, ఆపైన అంత పెద్ద జబ్బు" అన్న ఒక్క మాటతో ఆ సంగతి ముగిసిపోతున్నది.

మేము ఇక్కడ చెప్పదలచుకున్నది ఆ ముగిసిపోని సంగతి గురించే.

గోదావరి డెల్టాలో క్యాన్సర్ చికిత్స ఇప్పుడు అందని పండు కాదు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, పేర్లు మారుతూ వచ్చినా, పేద కుటుంబాలకు శస్త్రచికిత్సను, కీమోథెరపీని, రేడియేషన్‌ను దగ్గరికి తెచ్చింది. రాజమహేంద్రవరం, కాకినాడలలో చికిత్స దొరుకుతున్నది. క్లిష్టమైన కేసులు విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, హైదరాబాదుకో వెళుతున్నాయి. దేశం మొత్తం మీద పురుషులలో నోటి క్యాన్సర్, స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ముందు వరుసలో ఉన్నాయి. నది మధ్య లంకల్లో పండే పొగాకుకు, చుట్టకు పేరుపడిన ప్రాంతం మనది. కేంద్ర పొగాకు పరిశోధన సంస్థ 1947లో వెలసింది కూడా రాజమహేంద్రవరంలోనే. కనుక నోటి క్యాన్సర్ మనకు పరాయిది కాదు. చుట్ట ముట్టని ముస్లిం ఇళ్ళలో కూడా పాన్‌దాన్, జర్దా ఇంకా మర్యాద కిందనే చెల్లుబాటు అవుతున్నాయన్నది వేరే చర్చ. చికిత్స పెరిగిన కొద్దీ బతికి బయటపడే పెద్దలు పెరుగుతారు. వారితో పాటు ఈ కొత్త అశక్తత కూడా మన గడపల్లోకి వస్తుంది.

అశక్తతను కొలవడానికి వైద్యులకు రెండు పాత కొలబద్దలున్నాయి. అమెరికా వైద్యుడు సిడ్నీ కాట్జ్ 1963లో ఆరు పనులను గుర్తించాడు. స్నానం, బట్టలు కట్టుకోవడం, మరుగుదొడ్డికి వెళ్ళిరావడం, మంచం మీద నుంచి కుర్చీలోకి మారడం, మలమూత్రాలను అదుపులో ఉంచుకోవడం, తన చేత్తో తాను తినడం. 1969లో లాటన్, బ్రోడీ అనే ఇద్దరు పరిశోధకులు మరో ఎనిమిది పనులు చేర్చారు. ఫోను చేయడం, అంగడికి వెళ్ళడం, వండటం, ఇల్లు చక్కబెట్టడం, బట్టలు ఉతకడం, ప్రయాణం, మందులు వేళకు వేసుకోవడం, డబ్బు లెక్క చూసుకోవడం. మొదటి ఆరూ పోతే మనిషి ఇంకొకరి చేతుల్లో ఉన్నట్టు. రెండో జాబితాలోవి పోతే ఇల్లు దాటలేనట్టు. సాధారణంగా రెండో జాబితాలోవే ముందుగా జారిపోతాయి. అందుకే ఎవరి కంటా పడవు. దాదీ ఫోను మాట్లాడటం తగ్గించిందంటే మనవలు అలిగిందనుకుంటారు. వేళ్ళకు స్పర్శ లేక ఆమె అంకెలు నొక్కలేకపోతున్నదని ఎవరికి తోస్తుంది?

2017-18లో మన దేశంలో వృద్ధాప్యం మీద జరిగిన పెద్ద సర్వేలో అరవై దాటినవారిలో దాదాపు నాలుగో వంతు మంది మొదటి జాబితాలో కనీసం ఒక పనికి ఇబ్బంది పడుతున్నట్టు తేలింది. రెండో జాబితా తీసుకుంటే దాదాపు సగం మంది. ఇది అందరు వృద్ధుల లెక్క. క్యాన్సర్ చికిత్స దీనిపైన పడే అదనపు బరువు.

ఆ బరువు ఎక్కడెక్కడ పడుతుందో కొంచెం వివరంగా చూడాలి. ఎందుకంటే కారణం తెలియనిచోట నేరమంతా వయసు మీదకే పోతుంది.

రొమ్ము క్యాన్సర్ శస్త్రచికిత్సలో చంకలోని గ్రంథులను కూడా తీసివేయవలసి వస్తుంది. ఆ గ్రంథుల గుండా పారవలసిన ద్రవం దారి లేక చేతిలోనే నిలిచిపోతుంది. చెయ్యి ఉబ్బుతుంది, బరువెక్కుతుంది. గాజులు పట్టవు, జాకెట్టు చెయ్యి ఎక్కదు. భుజం బిగుసుకుపోతే తల దువ్వుకోవడం, వీపు రుద్దుకోవడం, దండెం మీద బట్టలు ఆరవేయడం ఒక్కొక్కటే ఆగిపోతాయి. ఇది ఆపరేషను అయిన నెలల తర్వాత, ఒక్కోసారి ఏళ్ళ తర్వాత కూడా మొదలుకావచ్చు. అప్పటికి దీనిని ఆ పాత జబ్బుతో ముడిపెట్టి చూసేవారుండరు.

కీమోథెరపీ మందుల్లో పాక్లిటాక్సెల్, సిస్‌ప్లాటిన్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ వంటివి నరాల చివరలను దెబ్బతీస్తాయి. అరికాళ్ళు, వేళ్ళ కొసలు తిమ్మిరెక్కుతాయి. కాలి చెప్పు జారిపోయినా తెలియదు. నేల తడిగా ఉన్నదో పొడిగా ఉన్నదో పాదం చెప్పదు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, తస్బీహ్ పూసలు ఒకటొకటిగా జరపడం గగనమవుతుంది. నరసాపురం పరిసరాల్లో తరతరాలుగా లేసు అల్లుతున్న స్త్రీలకు వేళ్ళ కొసలే జీవనాధారం. ఆ వేళ్ళకు స్పర్శ పోతే పోయేది ఒక అలవాటు మాత్రమే కాదు. చేతికి వచ్చే నాలుగు రూపాయలు, ఇరుగుపొరుగుతో అరుగు మీద కూర్చునే సాయంత్రాలు కూడా పోతాయి. చక్కెర వ్యాధి ఉన్నవారికి అప్పటికే నరాలు కొంత దెబ్బతిని ఉంటాయి గనుక మందుల దెబ్బ రెట్టింపవుతుంది. మన డెల్టా ఇళ్ళలో అరవై దాటి చక్కెర లేనివారెందరో చదువరులే లెక్క వేసుకోవచ్చు.

నోటికి, గొంతుకు రేడియేషన్ ఇచ్చినవారికి లాలాజలం తగ్గిపోతుంది. దవడ కండరాలు బిగుసుకుపోతాయి. నోరు 35 మిల్లీమీటర్ల కన్నా తక్కువ తెరుచుకుంటే దానిని దవడ బిగుసుకుపోవడంగా లెక్కిస్తారు. ఇంట్లో గుర్తు కావాలంటే, ఎవరి మూడు వేళ్ళు వారి నోట్లో నిలువుగా పట్టాలి. పట్టకపోతే ముద్ద మింగడం, పళ్ళు తోముకోవడం, వుజూలో నోరు పుక్కిలించడం కూడా కష్టమే. పెళ్ళి దావత్‌లో అందరూ బిర్యానీ తింటుంటే గంజి గ్లాసుతో ఒక మూల కూర్చోలేక దావత్‌లకే రావడం మానుకున్న పెద్దలున్నారు. వారిని మొండివారనడం అన్యాయం.

పేగు క్యాన్సర్‌లో పొట్ట మీద సంచి అమర్చినవారి బాధ ఇంకా మౌనమైనది. గర్భాశయ ముఖద్వారానికి, ప్రోస్టేట్‌కు రేడియేషన్ తీసుకున్నవారిలో కొందరికి మూత్రం ఆగదు, విరేచనానికి పరుగెత్తవలసి వస్తుంది. కొన్ని హార్మోను మందులు కీళ్ళ నొప్పులు తెస్తాయి, ఎముకలను పలచబరుస్తాయి. వీటన్నిటి మీద ఒక అలసట ఉంటుంది. నిద్రపోతే తీరే అలసట కాదది. బద్ధకమని ఇంట్లోవారు అపార్థం చేసుకునేది దీనినే. కొందరికి జ్ఞాపకం, లెక్క కూడా మందగిస్తాయి. ఏ మాత్ర వేసుకున్నారో మరచిపోతారు, అద్దె డబ్బు రెండుసార్లు అడుగుతారు.

ఇక నేల సంగతి. వరద భయంతో మన డెల్టాలో ఇళ్ళ పునాదులు ఎత్తుగా లేపుతారు. ఆ నాలుగైదు మెట్లు ఆరోగ్యవంతుడికి అరుగు. అరికాలికి స్పర్శ లేనివారికి అవే గోడ. మరుగుదొడ్డి చాలా ఇళ్ళలో పెరట్లో ఉంటుంది. గొంతుకూర్చునే పద్ధతి, నాచు పట్టిన గచ్చు. కోనసీమ నుంచి, లంక గ్రామాల నుంచి వారం వారం ఆసుపత్రికి రావాలంటే కొన్నిచోట్ల ఇప్పటికీ పంటో పడవో ఎక్కాలి. రేడియేషన్ అయితే వారానికి అయిదు రోజుల చొప్పున వారాల తరబడి సాగుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం వద్ద 25 లక్షల క్యూసెక్కులకు మించి వరద వచ్చినప్పుడు లంకలు దీవులైపోయాయి. నడవగలిగినవారే పడవ కోసం మోకాలి లోతు నీటిలో నిలబడ్డ రోజులవి. వాకర్ పట్టుకున్న మనిషికి ఆ వరద ఎలా ఉంటుందో మన పునరావాస ప్రణాళికల్లో ఎక్కడా కనబడదు.

సేవ ఎప్పుడు సంకెల అవుతుంది?

ఈ విషయం మీదనే మేము కొంచెం ఎక్కువసేపు ఆగదలచుకున్నాము. మన కుటుంబాల్లో పెద్దల సేవ అనేది గొప్ప పుణ్యం. తల్లిదండ్రులు వృద్ధాప్యానికి చేరినప్పుడు వారితో విసుగు మాట కూడా అనకూడదని, కరుణతో వారి ముందు వినమ్రులై ఉండాలని దివ్య ఖుర్ఆన్ బనీ ఇస్రాయీల్ సూరాలో ఆదేశిస్తున్నది. ఆ ఆదేశాన్ని మన పిల్లలు మరచిపోలేదు. కాని ఆ ప్రేమే ఒక్కోసారి దారి తప్పుతున్నది. "మీరు కూర్చోండి అబ్బా, నేను తెస్తాను" అంటాడు కొడుకు. "అమ్మీ, మీరు లేవకండి, నేను తినిపిస్తాను" అంటుంది కూతురు. నెల గడిచేసరికి అబ్బా కుర్చీలో నుంచి తనంతట తాను లేవలేడు. అమ్మీ చేతికి చెంచా పట్టు రాదు. వయసు పైబడినవారి కండరాలు వాడకపోతే కరిగిపోయే వేగం ఎక్కువ. మంచం మీద గడిపిన పది రోజులు తీసుకువెళ్ళిన బలాన్ని తిరిగి తెచ్చుకోవడానికి వారాలు పడుతుంది.

సేవ అంటే పని లాక్కోవడం కాదు. పని చేసుకోవడానికి వీలు కల్పించడం. స్నానాల గదిలో పట్టుకోవడానికి ఒక ఇనుప గొట్టం గోడకు బిగించడం సేవ. కమోడ్ కుర్చీ కొని తేవడం సేవ. బకెట్ నేల మీద కాకుండా స్టూలు మీద పెట్టడం, బొత్తాల చొక్కాకు బదులు తలలో నుంచి వేసుకునే కుర్తా కుట్టించడం, పెద్ద చెంబు తీసి చిన్న మగ్గు పెట్టడం, అరికాళ్ళకు పట్టుతప్పని చెప్పులు తొడగడం, రాత్రి మంచం దగ్గర ఒక చిన్న దీపం వెలిగించి ఉంచడం, ఇవన్నీ సేవే. ఆ తర్వాత పక్కన నిలబడి ఆమె తనంతట తాను స్నానం ముగించేదాకా ఓపిక పట్టాలి. పది నిమిషాల పని అరగంట అవుతుంది. ఆ అరగంటను ఇవ్వడమే కష్టమైన భాగం.

ఇంకొక మాట కూడా చెప్పక తప్పదు. సేవ చేసేది ఎవరు? ఆదేశం సంతానానికి. ఆచరణలో బరువు మోసేది చాలా ఇళ్ళలో కోడలు. ఆమె మనసారా చేస్తే అది ఆమె ఔన్నత్యం, అల్లాహ్ వద్ద ఆమె ప్రతిఫలం ఆమెది. కాని కన్నకొడుకు గల్ఫ్ నుంచి డబ్బు పంపి, ఇక్కడే ఉన్న కొడుకు దుకాణంలో కూర్చుని, మంచం మార్చడం, సంచి శుభ్రపరచడం అంతా పరాయి ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి మీద వేసి తాము సేవ చేశామనుకోవడం మాకు సమ్మతం కాదు. మామగారికి కూడా ఆ సిగ్గు ఉంటుంది. కొడుకు చేతుల్లో తేలికగా ఉండే పని కోడలి ముందు బరువవుతుంది. అందుకే ఆయన నీళ్ళు తక్కువ తాగుతాడు, మరుగుదొడ్డికి వెళ్ళకుండా బిగబట్టుకుంటాడు, కొత్త జబ్బు తెచ్చుకుంటాడు.

పోయిన శక్తి తిరిగి వస్తుందా? చాలావరకు వస్తుంది. అన్నీ కాదు, అందరికీ కాదు. చికిత్స తర్వాతి అలసటకు విశ్రాంతి కన్నా నడక ఎక్కువ మేలు చేస్తుందని ఇప్పుడు వైద్యలోకం గట్టిగా చెబుతున్నది. 2019లో వెలువడిన అంతర్జాతీయ నిపుణుల సూచన ప్రకారం వారానికి మూడు రోజులు, రోజుకు 30 నిమిషాలు ఒక మోస్తరు వేగంతో నడక, దానికి తోడు వారానికి రెండుసార్లు కండరాలకు బలమిచ్చే వ్యాయామం. డెబ్బై ఏళ్ళ మనిషి మొదటిరోజే అరగంట నడవనక్కరలేదు. అరుగు చివర నుంచి వీధి గుమ్మం దాకా అయిదు నిమిషాలు చాలు. ఉబ్బిన చేతితో బరువెత్తకూడదని పాత నమ్మకం ఒకటుండేది. అలా చేతి వాపు ఉన్న 141 మంది రొమ్ము క్యాన్సర్ స్త్రీల మీద చేసిన అధ్యయనం 2009లో ప్రచురితమైంది. నిపుణుల పర్యవేక్షణలో కొద్దికొద్దిగా బరువులెత్తినవారికి వాపు పెరగలేదు, బాధలు తగ్గాయి, బలం పెరిగింది. చేతిని దాచిపెట్టుకోవడం వల్ల నష్టమే ఎక్కువన్నమాట. అయితే ఫిజియోథెరపిస్టు చూపిన తర్వాతే మొదలుపెట్టాలి. ఆ చేతి చర్మం పగలకుండా, గోళ్ళు తీసేటప్పుడు కోసుకోకుండా, బిగుతు గాజులు వేయకుండా చూసుకోవాలి. ఎర్రబడి వేడెక్కితే ఆలస్యం చేయక వైద్యుడికి చూపించాలి.

బిగిసిన దవడకు ఐస్‌క్రీం పుల్లల వంటి చెక్కపుల్లలు దొంతరగా పేర్చి పళ్ళ మధ్య పెట్టి, రోజులు గడిచే కొద్దీ ఒక్కొక్క పుల్ల పెంచుతూ పోయే వ్యాయామం చాలా ఆసుపత్రుల్లో నేర్పుతారు. ఖర్చు లేనిది. రోజుకు అనేకసార్లు చేయాలి గనుక మనుమడో మనుమరాలో గుర్తుచేస్తుంటే సాగుతుంది.

పడిపోయే ప్రమాదం ఎంత ఉన్నదో తెలుసుకోవడానికి ఒక చిన్న పరీక్ష ఇంట్లోనే చేయవచ్చు. కుర్చీలో కూర్చున్న మనిషి లేచి, మూడు మీటర్లు నడిచి, వెనుదిరిగి వచ్చి మళ్ళీ కూర్చోవాలి. ఇందుకు 12 సెకన్లు, అంతకు మించి పడితే వైద్యుడితో మాట్లాడవలసిందే. పరీక్ష చేసేటప్పుడు పక్కన ఒకరు ఆసరాగా ఉండాలి.

మసీదు గడపలో

మేము కాట్జ్ జాబితా చదువుతున్నప్పుడల్లా ఒక సంగతి తోస్తుంది. మన పెద్దల శక్తిని రోజుకు అయిదుసార్లు చూపించే కొలబద్ద మన ఇంట్లోనే ఉన్నది. వుజూకు వంగడం, చేతులు మోచేతుల వరకు కడగడం, నిలబడటం, రుకూ, సజ్దా, మళ్ళీ లేవడం. నిన్నటి వరకు సజ్దా నుంచి లేచిన తల్లి ఇవాళ మంచం కోడు పట్టుకుని లేస్తుంటే అది గమనించవలసిన వార్త. ఆమె నమాజు మానలేదు కదా అని సంతోషించి ఊరుకుంటే ఆ వార్త వృథా అవుతుంది.

షరీఅత్ ఇక్కడ ఎంతో ఉదారంగా ఉన్నది. నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని దైవప్రవక్త (స) బోధించారు. వంగలేనివారు సైగతో రుకూ, సజ్దాలు చేస్తారు, సజ్దాకు తలను మరికొంత దించుతారు. నీరు హాని చేసేచోట తయమ్ముమ్ ఉన్నది. కట్టు మీద తడిచేత్తో తుడవడం ఉన్నది. పొట్ట మీద సంచి ఉన్నవారు, మూత్రం ఆగనివారు అపవిత్రులమైపోయామని కుమిలిపోనక్కరలేదు. అటువంటివారు ప్రతి నమాజు వేళకు వుజూ చేసుకుని నమాజు చేయవచ్చునని హనఫీ ధర్మవేత్తలు వివరించారు. తిరిగి కోలుకునే ఆశ లేనివారికి రమజాన్ ఉపవాసాలకు బదులు ఫిద్యా ఉన్నది. ఎవరికి ఏది వర్తిస్తుందో స్థానిక ఇమాంను, ఉపవాసం విషయంలో వైద్యుణ్ణి కూడా అడిగి తెలుసుకోవాలి. ఈ సడలింపులు తెలియక నమాజుకే దూరమైన పెద్దలున్నారు. తెలిసీ, సడలింపు తీసుకోవడం ఈమాన్ లోపమనుకుని తడి గచ్చు మీద పడి తుంటి విరగగొట్టుకున్నవారూ ఉన్నారు.

రాజమహేంద్రవరం పెద్ద మసీదు శాసనం 1324 నాటిది. ఏడు వందల ఏళ్ళుగా ఈ గోదావరి గట్టున సజ్దాలు జరుగుతున్నాయి. మన మసీదు కమిటీలు పాలరాయి పరచడానికి, మినార్లకు రంగులు వేయడానికి చందాలు పోగుచేస్తాయి. తడిస్తే ఆ పాలరాయే జారుతుంది. వుజూఖానాలో రెండు ఎత్తైన పీటలు, పక్కన పట్టుకోవడానికి ఒక కడ్డీ, గడపకు ఒక వాలు బాట, ఒక కమోడ్, జారని రబ్బరు చాపలు. మినారు రంగు ఖర్చులో ఇదెంత?

ప్రభుత్వం వైపు నుంచి అందేవి కొన్ని ఉన్నాయి. వికలాంగుల హక్కుల చట్టం, 2016 మొత్తం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. క్యాన్సర్ పేరు ఆ జాబితాలో లేదు. కాని క్యాన్సర్ మిగిల్చిన వైకల్యం ఉండవచ్చు. స్వరపేటిక తీసివేయడం వల్ల మాట పోవడాన్ని చట్టం స్పష్టంగానే పేర్కొన్నది. కాలో చెయ్యో తీసివేసినవారు, కదలిక శాశ్వతంగా దెబ్బతిన్నవారు శారీరక వైకల్యం కింద దరఖాస్తు చేసుకోవచ్చు. 40 శాతం, అంతకు మించి వైకల్యం ఉన్నట్టు ధ్రువపత్రం వస్తే చాలా సౌకర్యాలకు అర్హత లభిస్తుంది. మన రాష్ట్రంలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు, వికలాంగుల పింఛను 6,000 రూపాయలు. పేద కుటుంబాల్లోని అరవై దాటినవారికి చేతికర్రలు, వాకర్లు, చక్రాల కుర్చీలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరు జిల్లాలోనే మొదలైంది. కాకినాడ సర్వజన ఆసుపత్రికి తోడు 2023లో రాజమహేంద్రవరం, ఏలూరులలో కూడా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఫిజియోథెరపీ కోసం మరీ దూరం పోనక్కరలేని రోజులు దగ్గరపడాలి. రోగి తరఫువారు అడిగితేనే అది జరుగుతుంది.

అడగడం అసలు చికిత్సకు ముందే మొదలుకావాలి. అరవై ఐదు దాటినవారికి కీమోథెరపీ ఇచ్చే ముందు వారు రోజువారీ పనులు ఎంతవరకు చేసుకోగలరో, ఎన్నిసార్లు పడిపోయారో, జ్ఞాపకశక్తి, తిండి, మందులు ఎలా ఉన్నాయో పరిశీలించాలని అమెరికా క్యాన్సర్ వైద్యుల సంఘం 2018లోనే సూచించింది. డెబ్బై దాటిన 718 మందిపై జరిపి 2021లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అలాంటి పరిశీలన ఫలితాలు వైద్యుడి చేతికి అందినచోట తీవ్రమైన దుష్ఫలితాలు 51 శాతం మందికి వచ్చాయి. అందనిచోట 71 శాతం మందికి. చికిత్స మానుకోవడం వల్ల వచ్చిన తేడా కాదిది. మనిషిని చూసి మోతాదు నిర్ణయించడం వల్ల వచ్చిన తేడా.

రద్దీగా ఉండే మన ఆసుపత్రుల్లో ఆ పరిశీలనకు వైద్యుడికి తీరిక ఉండకపోవచ్చు. కనుక ఒక కాగితం మనమే తయారుచేసుకుని తీసుకువెళదాం. అబ్బా ఇప్పుడు ఏ ఏ పనులు స్వయంగా చేసుకుంటున్నారు, వేటికి ఆసరా కావాలి, గత ఆరు నెలల్లో ఎన్నిసార్లు పడ్డారు, రోజూ వేసుకునే మాత్రలేమిటి. ఈ నాలుగూ రాస్తే చాలు. ఆ కాగితం రాసేటప్పుడు అబ్బాను పక్కన కూర్చోబెట్టుకోవాలి. సమాధానాలు కొడుకు చెప్పకూడదు, ఆయన చెప్పాలి. నోరు సరిగా తెరుచుకోక మాట నెమ్మదిగా వస్తున్నా సరే.